పుస్తకం చేతులు మారేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేం ఆరుగురు స్నేహితురాళ్లం. ఇష్టమైన పుస్తకాలు ఒకరికొకరు ఇచ్చుకుని చదువుదామని మొదలుపెట్టాం. రెండు నెలలు తిరక్కుండానే ఆగిపోయింది. ఒకామె దగ్గర మూడు పుస్తకాలు పేరుకుపోయాయి, ఇద్దరి చేతుల్లో ఒక్కటీ లేదు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: "చదవడం అయిపోగానే పక్కవాళ్లకి ఇచ్చెయ్యండి" అనుకుని ఉంటారు. లోపం అక్కడే. అందరి చదువూ ఒకే వేగంతో సాగదు. ఒక్కరికి తీరిక లేకపోతే వెనకవాళ్ల పుస్తకాలన్నీ ఆమె దగ్గరే ఆగిపోతాయి, ముందువాళ్లు ఖాళీగా కూర్చుంటారు.

కాబట్టి పుస్తకం కదలడాన్ని చదవడంతో ముడిపెట్టకండి, తేదీతో ముడిపెట్టండి. ఆరుగురూ వరస రాసుకోండి. ఒక ఆదివారం అందరూ తమ పుస్తకాన్ని వరసలో తర్వాతి వారికి ఇవ్వాలి. సరిగ్గా మూడు వారాలకు, ఆదివారం నాడే, అన్నీ ఒక్కసారిగా కదలాలి. ఇలా ఐదుగురి చేతులూ దాటి 15 వారాలకు ఎవరి పుస్తకం వారికి చేరుతుంది. చదవడం పూర్తికాని వాళ్లు పేజీ నంబరు రాసుకుని ఇచ్చెయ్యాల్సిందే. వరస ముగిశాక సొంతదారు దగ్గర అడిగి తీసుకుని మిగతాది చదువుకోవచ్చు. ఈ నియమం మొదట్లో కటువుగా అనిపిస్తుంది. కానీ ఒక్కసారి సడలించారంటే మళ్లీ పాత కథే.

250 పేజీలు దాటిన పుస్తకాన్ని ఈ వరసలో పెట్టకండి. 21 రోజుల్లో 250 పేజీలంటే రోజుకు 12 పేజీలు. ఉద్యోగం, వంట, పిల్లల చదువులు ఉన్నవాళ్లు కూడా పడుకునే ముందు అంతవరకు చదవగలరు. పెద్ద నవలలు ఇద్దరిద్దరు విడిగా మార్చుకోవడమే మేలు.

ఇంకో మాట. ప్రాణంగా చూసుకునే ప్రతిని వరసలో పెట్టొద్దు. రచయిత సంతకం ఉన్నది, మళ్లీ అచ్చుకానిది, నాన్నగారి చేతిరాత ఉన్నది బీరువాలోనే ఉండనివ్వండి. పోతే మళ్లీ కొనుక్కోగలిగిన ప్రతినే తిప్పండి. అప్పుడే ఇచ్చేవాళ్లకు బెంగ, తీసుకునేవాళ్లకు భయం ఉండవు.

పుస్తకంలో ఒక విడి అట్టముక్క పెట్టండి. దాని మీద పేరు, అందిన తేదీ, ఒక్క వాక్యం అభిప్రాయం రాయాలి. పుస్తకం మీద మాత్రం పెన్ను పెట్టొద్దు. తిరిగొచ్చిన అట్టముక్క మీద ఐదుగురి మాటలూ ఒకచోట చదువుకోవడం చాలా బాగుంటుంది.

ప్రశ్న: మా స్నేహితుడు బెంగళూరులో పుట్టి పెరిగాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. మొదట ఏ పుస్తకం ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీకు బాగా నచ్చిన పెద్ద నవల మాత్రం ఇవ్వకండి. నెమ్మదిగా చదివేవారికి కావలసింది ఒక్కసారి కూర్చుంటే పూర్తయ్యే కథ. ముగింపు దాకా వెళ్లామన్న తృప్తే రెండో కథ చదివిస్తుంది.

సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' అందుకు చక్కగా సరిపోతాయి. మొత్తం 100 కథలు, ఒక్కొక్కటి కొద్ది పేజీలే. బాపు బొమ్మ చూస్తే కథలోని మనుషులు ముందే కళ్లకు కడతారు. కృష్ణ ఒడ్డు, గుడి, ఊరు ఈ కథల్లో మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి పది కథలయ్యేసరికి మాటలు అలవాటవుతాయి. వరసగా చదవాల్సిన పని లేదు. మీరే ఓ ఐదు కథలు ఎంచి, ఆ పేజీల్లో కాగితం ముక్కలు పెట్టి ఇవ్వండి.

తర్వాత నవల అడిగితే డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' ఇవ్వండి. విశాఖపట్నంలో చదువుకునే, ఉద్యోగం చేసే యువతీయువకుల కథ. సంభాషణలు ఎక్కువ కావడంతో చదువు తొందరగా సాగుతుంది. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకు ఈ నవలే ఆధారం. అయితే సినిమా చూశాం కదా అని నవల మానెయ్యొద్దు. ఇందిర పాత్ర బలం తెలియాలంటే పుస్తకమే చదవాలి.

'కన్యాశుల్కం' ఇవ్వాలనుకుంటే ఒంటరిగా చదవమని ఇవ్వకండి. అది నాటకం, ఉత్తరాంధ్ర మాట. నలుగురు కూర్చుని పాత్రలు పంచుకుని పైకి చదివితే కంటికి అర్థం కానిది చెవికి అందుతుంది. 1897లో అచ్చయిన మొదటి కూర్పు వేరు, గురజాడ బాగా పెంచి రాసిన 1909 కూర్పు వేరు. మనం మామూలుగా చదివేది రెండోదే. అందరి చేతుల్లోనూ ఒకే కూర్పు ఉండాలి, లేకపోతే పంక్తులు కలవవు.

ఒక్క జాగ్రత్త: అక్షరం సైజు చూసి కొనండి. వత్తులు కలిసిపోయేంత చిన్న అచ్చు కొత్త పాఠకుణ్ణి మొదటి పేజీలోనే వెనక్కి పంపేస్తుంది.

ప్రశ్న: "మంచి పుస్తకం చెప్పు" అని అడిగినవాళ్లకు ఎన్నో చెప్పాను. ఒక్కరూ చదవలేదు. ఎలా చెప్పాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎన్నో చెప్పడం వల్లే చదవలేదు. ఒక్కటే చెప్పండి. చెప్పేముందు ఒక ప్రశ్న వెయ్యండి: ఈమధ్య సగంలో వదిలేసిన పుస్తకం ఏది, ఎందుకు వదిలేశారు? నచ్చిన పుస్తకం పేరు కన్నా ఈ జవాబే ఎక్కువ దారి చూపిస్తుంది. వర్ణనలు ఎక్కువై వదిలేశారా, యాస అర్థం కాకా, దుఃఖం భరించలేకా?

మీరు చెప్పేటప్పుడు కథ చెప్పకండి. ఎన్ని పేజీల తర్వాత పట్టు దొరుకుతుందో, ఏ ప్రాంతపు యాసలో ఉందో, మనసును కలచివేసే ఘట్టం ఏదైనా ఉందో చెప్పండి. ఇంట్లో ఈమధ్యే ఎవరినో పోగొట్టుకున్న మనిషికి చావు మీద రాసిన నవల చెప్పకుండా చేతిలో పెట్టడం తప్పు, అది ఎంత గొప్పదైనా సరే.

ప్రశ్న: మా వాట్సాప్ గ్రూపులో పాత నవలల పీడీఎఫ్‌లు పంచుకుంటాం. తప్పా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎవరి నవల అన్నదాన్ని బట్టి. మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క. గురజాడ 1915లో, శ్రీదేవి 1961లో, గోపీచంద్ 1962లో పోయారు. బతికుండగా అచ్చయిన వారి రచనలు నిస్సంకోచంగా పంచుకోవచ్చు. బుచ్చిబాబు పోయింది 1967లో, కాబట్టి 2027 చివరి దాకా ఆగాలి. చలం రచనలకు 2039, శ్రీశ్రీకి 2043 దాకా. కొత్త ముద్రణలో వేరేవాళ్లు రాసిన ముందుమాట, వేసిన బొమ్మలు ఉంటే వాటి హక్కులు వేరు.

బతికున్న రచయిత పుస్తకాన్ని స్కాన్ చేసి పంచడం మాత్రం మానెయ్యండి. తెలుగులో ఒక ముద్రణకు వెయ్యి ప్రతులు అమ్ముడవడమే కష్టం. రెండొందల మంది ఉన్న గ్రూపులో ఒక్క ఫైలు పడితే ఆ దెబ్బ నేరుగా రచయితకే తగులుతుంది.

ప్రశ్న: విజయవాడ నుంచి ఆదిలాబాద్‌లో ఉన్న స్నేహితురాలికి పుస్తకాలు పంపాలి. కొరియర్ ఖర్చు పుస్తకం ధర కన్నా ఎక్కువవుతోంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పోస్టాఫీసులో 'జ్ఞాన్ పోస్ట్' అని అడగండి. 2025 మే 1న మొదలైంది, పుస్తకాల కోసమే. మొదలైనప్పటి ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గంలోనే వెళ్తుంది కాబట్టి స్పీడ్ పోస్టంత తొందర ఉండదు, కానీ ఎక్కడుందో ట్రాక్ చేసుకోవచ్చు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రణాలయం పేరో ఉండాలి. లోపల ఉత్తరం పెట్టకూడదు. చెప్పాలనుకున్నది ఫోన్లో చెప్పండి.

300 పేజీల డెమ్మీ సైజు (సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు) పుస్తకం 350 గ్రాములకు అటూఇటూ తూగుతుంది. రెండు మూడు కలిపి పంపితేనే గిట్టుబాటు. ముందు ప్లాస్టిక్ కవరులో పెట్టి కవరు మూతి మూసెయ్యండి, వానాకాలంలో ఇది తప్పనిసరి. తర్వాత పుస్తకం కన్నా నాలుగు వైపులా ఒక సెంటీమీటరు పెద్దగా కోసిన అట్టలు పైనా కిందా పెట్టి కట్టండి. దారిలో మొదట నలిగేది మూలలే, ఆ సెంటీమీటరే వాటిని కాపాడుతుంది. పైన చిరునామా చెరిగిపోయినా దొరికేలా లోపలి అట్ట మీద కూడా చిరునామా రాయండి.

ఒకవేళ తడిసి చేరితే ఎండలో పెట్టొద్దని ఆమెకు ముందే చెప్పండి. ఎండకు అట్ట వంకర తిరుగుతుంది. పది పదిహేను కాగితాలకొకటి చొప్పున తెల్లకాగితం పెట్టి, ఫ్యాను కింద నిలబెట్టి, కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి. న్యూస్‌పేపరు పెడితే దాని సిరా అంటుకుంటుంది. పూర్తిగా ఆరాక రెండు రోజులు బరువు కింద ఉంచితే పేజీలు చదునవుతాయి.