కస్టమ్ టేబుల్‌లో మౌస్ పెట్టిన వరుసకు రంగు సరిగా పడట్లేదా? నేను ఎట్ల సరిచేసుకున్నానంటే

తమ్ముడూ, మౌస్ పెడితే వరుసలో కొన్ని గళ్లకే రంగు వస్తోంది, మౌస్ తీసినాక చారల రంగు (ఒక వరుస విడిచి ఒక వరుసకు వేసేది) పోయి తెల్లగా మిగిలిపోతోంది అన్నావు కదా, ఆ రెండు తిప్పలూ నేను కర్నూలులో ఒక ఉల్లిగడ్డల మండీకి లెక్కల పేజీ చేసేటప్పుడు పడినవే.

ఆ పేజీలో రైతు పేరు, ఊరు, సంచులు, బరువు, రేటు, హమాలీ, కమీషన్, అడ్వాన్సు, చేతికిచ్చేది, ఇట్ల 14 కాలమ్‌లు ఉండేవి, మానిటర్ చూస్తే చిన్నది, సీజన్లో వరుసలేమో 200 దాటుతాయి. గుమాస్తా ఎడమ పక్క పేరు చూసి కుడి పక్క మొత్తం దగ్గరికి పోయేలోపు చూపు ఒక వరుస కిందికి జారి, కోడుమూరు రైతుకు దేవనకొండ రైతు లెక్క చదివేసినాడు. పాపం ఆయన తెల్లారుజామున సరుకుతో వచ్చి సాయంత్రం దాకా కూర్చున్న మనిషి, తక్కువ మొత్తం వినంగానే మొగం చిన్నబోయింది. నాకు ఆ రోజే అర్థమైంది ఈ రంగు ఎంత ముఖ్యమో.

మొదట నేనూ నీ మాదిరే చేసినా. గ్రిడ్‌వ్యూలో (ఏఎస్‌పీ డాట్ నెట్‌లో టేబుల్ చూపించేది) రోడేటాబౌండ్ దగ్గర, అంటే ఒక్కో వరుసలో డేటా నిండేటప్పుడు, ప్రతి వరుసకూ ఆన్‌మౌస్‌ఓవర్‌లో (మౌస్ మీదికి వస్తే) పసుపు, ఆన్‌మౌస్‌అవుట్‌లో (మౌస్ తీస్తే) తెలుపు పెట్టినా. అట్ల పెడితే ఆ తెలుపు ఇన్‌లైన్ స్టైల్‌గా, అంటే ట్యాగ్‌లోనే రాసిన రంగుగా, వరుసకే అంటుకుపోతుంది, దాని ముందర మామూలు సీఎస్ఎస్ (పేజీ రంగులు, రూపం రాసే భాష) రూల్ నిలబడదు, అందుకే నీ చారలు పోతున్నాయి. ఈ పద్ధతి ఇంకా అక్కడక్కడా ఎందుకు కనపడుతుందంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో హోవర్ (మౌస్ మీద ఉన్నప్పుడు పనిచేసే రూల్) లింకులకు తప్ప వేరే వాటికి పనిచేసేది కాదు, 2006లో 7 వచ్చినాకే వరుసలకూ పనిచేసింది. ఇప్పుడు ఆ అవసరమే లేదు, జావాస్క్రిప్ట్ మొత్తం తీసేసి సీఎస్ఎస్‌లో టీఆర్ (వరుస ట్యాగ్) హోవర్ రాసుకో. కాకపోతే చారల కోసం రాసిన ఎన్‌టీహెచ్ చైల్డ్ (ఎన్నో వరుస అని లెక్కపెట్టే) రూల్ తర్వాత దాన్ని రాయాల, రెండింటి బలం సమానం కాబట్టి వెనక రాసిందే గెలుస్తుంది.

ఇంక కొన్ని గళ్లు మారకపోవడం. బ్రౌజర్ టేబుల్‌ను పొరలు పొరలుగా రంగేస్తుంది, అడుగున టేబుల్, దానిమీద కాలమ్‌లు, ఆపైన వరుస, అన్నిటికన్నా పైన గడి. నువ్వు ఏ గడికైనా విడిగా రంగు ఇచ్చింటే కింద వరుస పసుపైనా అది కనపడదు. నాకైతే పేరు కాలమ్ స్క్రోల్ చేసినా కదలకుండా స్టిక్కీ పెట్టినా, దానికి సొంత రంగు లేకపోతే కింద జరిగే అంకెలు పేరు మీద తేలుతాయి, ఉంటే హైలైట్ పడదు, ఈ ఒక్కదానికే రెండు రోజులు కొట్టుకున్నా. చివరికి స్టిక్కీ గడికి బ్యాక్‌గ్రౌండ్ ఇన్‌హెరిట్ (వరుస రంగునే తీసుకో) అని ఇచ్చి, చారల వరుసలకూ మామూలు వరుసలకూ కూడా నిండు రంగులు ఇచ్చినా, అంతే సరిపోయింది. పారదర్శకంగా ఉండే రంగు మాత్రం హోవర్‌కు కూడా వాడొద్దు, మళ్లీ అంకెలు తేలుతాయి.

జావాస్క్రిప్ట్ నువ్వు వరుసను క్లిక్ చేసి ఎంచుకోవడానికో, కీబోర్డు బాణాలతో జరగడానికో వాడుకో, అదీ ప్రతి వరుసకూ కాకుండా టీబాడీకి (వరుసలను కలిపి ఉంచే ట్యాగ్) ఒక్క లిజనర్ (క్లిక్‌ను కనిపెట్టే కోడ్) పెట్టి క్లోజెస్ట్‌తో (క్లిక్ పడిన గడి ఏ వరుసలో ఉందో వెతికేది) వరుసను పట్టుకుంటే చాలు, తర్వాత కొత్త వరుసలు చేరినా ఏం ఇబ్బంది ఉండదు.

ఫోన్‌లో వేలు పెట్టినాక రంగు అట్లే నిలిచిపోతుంది కాబట్టి హోవర్ రూల్‌ను హోవర్ మీడియా క్వెరీ (మౌస్ లాంటిది ఉన్న పరికరాల్లోనే పనిచేయించే షరతు) లోపల పెట్టు.

నీ టేబుల్‌లో రోస్పాన్ (ఒకే గడి కొన్ని వరుసలకు పరచుకోవడం) ఉందో లేదో చెప్పలేదు. మాకు ఒక్కో రైతుకు పెద్దగడ్డ, నడిమిగడ్డ, చిన్నగడ్డ అని మూడు వరుసలు, పేరు గడి ఒక్కటే మూడింటికీ. ఆ గడి మొదటి వరుసకు చెందింది కాబట్టి మూడో వరుస మీద మౌస్ పెడితే పేరు వెలగదు, అసలు తప్పు జరిగేదే అక్కడ. ఒక్కో రైతుకు ఒక్కో టీబాడీ పెట్టి, టీబాడీ మీద మౌస్ ఉంటే లోపలి గళ్లన్నిటికీ రంగు వచ్చేట్టు రాయి. అప్పుడు చారలు కూడా టీబాడీలకే వేయాల, అక్కడ ఎన్‌టీహెచ్ చైల్డ్ పెడితే టీహెడ్ (కాలమ్ పేర్లుండే పైభాగం ట్యాగ్) కూడా లెక్కలోకి వచ్చి చారలు ఒకటి జరుగుతాయి, ఎన్‌టీహెచ్ ఆఫ్ టైప్ (ఒకే రకం ట్యాగ్‌లనే లెక్కపెట్టేది) పెట్టుకో.