కడపలో నోరంతా పళ్లు కట్టించాలంటే క్లినిక్ ఎలా ఎంచుకోవాలి?

మీ నాన్నగారికి పైనా కిందా పళ్లన్నీ పాడయ్యాయన్నారు కాబట్టి, క్లినిక్‌లు ఇచ్చే ఆఫర్ల సంగతి పక్కనపెట్టి ప్రోస్థోడాంటిక్స్‌లో (పోయిన పళ్ల స్థానంలో కొత్తవి అమర్చే విభాగం) ఎండీఎస్ (దంత వైద్యంలో పీజీ) చేసిన డాక్టరే స్వయంగా చూస్తారా అని అడగండి. బ్రిడ్జిలు (పక్క పళ్ల ఆధారంతో బిగించేవి), కట్టుడు పళ్లు వాళ్ల ప్రత్యేక చదువు. సీబీసీటీ స్కాన్‌లో (దవడను 3డీలో చూపే ఎక్స్-రే) ఎముక ఎంతుందో చూడకుండా ఇంప్లాంట్ల (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేర్లు) ధర చెప్పేస్తే అడ్వాన్స్ కట్టొద్దు. ఇంప్లాంట్ ఎముకలో కుదురుకోవడానికి మామూలుగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. కొందరికి తాత్కాలిక పళ్లు వెంటనే పెడతారు, అందరికీ కుదరదు. షుగర్ ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త) పరీక్ష అడగని చోటును నేనైతే నమ్మను. ఇంప్లాంట్ కంపెనీ పేరు, మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి. టెన్షన్‌గా ఉంటే, పళ్లు పీకించేముందే కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఒకసారి చూపించండి.