ట్రైనింగ్‌లో పోయిన పైలట్‌ని అమరవీరుడు అనొచ్చా?

"ట్రైనింగ్‌లో విమానం కూలితే అది యాక్సిడెంటే కదా, యుద్ధంలో పోయినవాళ్లతో సమానం ఎలా అవుతారు" అని ఒకరు అడిగారు. మా ఊళ్లో కూడా ఈ మాట అన్నవాళ్లున్నారు, అదీ అలా పోయినవాడి అమ్మ వినేలాగ. అందుకే రాస్తున్నా.

మాది నెల్లిమర్ల పక్కన పల్లె. మా వీధి అన్న, కోరుకొండ సైనిక్ స్కూల్లో నాకు మూడేళ్లు సీనియర్. పేరు రాయను, ఇంట్లోవాళ్లకి ఇష్టముండదు. వాళ్ల నాన్నగారు జూట్ మిల్లు పని. ఆరో క్లాసులో సీటొస్తే ట్రంకు పెట్టె పట్టుకుని ఎల్లిన కుర్రాడు, తర్వాత ఖడక్‌వాస్లాలో ఎన్డీఏ (సైన్యం ఆఫీసర్లకి ట్రైనింగ్ ఇచ్చే అకాడమీ) మూడేళ్లు, అక్కణ్ణుంచి హైదరాబాద్ దగ్గర దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ.

ఒకసారి సిరిమానోత్సవానికి సెలవు మీద వచ్చినప్పుడు అరుగు మీద కూచుని అరచెయ్యే విమానంలా తిప్పుతూ చెప్పేడు, ముక్కు మరీ పైకెత్తేస్తే రెక్కల మీద గాలి పట్టు తప్పిపోద్ది దాన్ని స్టాల్ అంటారు, అప్పుడు ఒక రెక్క ముందు వాలిందంటే గింగిరాలు తిరుగుతూ కిందకి వచ్చేస్తాది, అది స్పిన్ అని. మరి అలా అయితే ఏం చేస్తారన్నా అంటే, "కావాలనే అలా చేస్తాంరా, అందులోంచి బయటికి రావడమే కదా నేర్చుకోవాలి" అన్నాడు. ఇంజిన్ పవర్ తగ్గించేసి, ఆగిపోయిందనుకుని దిగడం కూడా ప్రాక్టీస్ చేయిస్తారంట. మనం ట్రైనింగ్ అంటే క్లాసు రూము అనుకుంటాం గానీ, ప్రమాదం ఎక్కడుందో అక్కడికి పనిగట్టుకుని ఎల్లి రావడమే వాళ్ల ట్రైనింగ్.

వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) వచ్చిన ఏడాదే, ట్రైనింగ్‌లో విమానం కూలి పోయాడు. పెట్టె మీద జెండా కప్పి తెచ్చారు, మూత తియ్యనివ్వలేదు.

పాత హెచ్‌పీటీ-32 ట్రైనింగ్ విమానాల్లో ఎజెక్షన్ సీటే (ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరేసే సీటు) లేదు. 2009లో మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు పైలట్లు పోయాక వాటిని ఆపేశారు, వాటి బదులు 2013లో కొత్త ట్రైనింగ్ విమానాలు పిలాటస్‌లు వచ్చాయి. వాటిలో సీటుంది, అయినా 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి ఇన్‌స్ట్రక్టరూ క్యాడెట్టూ ఇద్దరూ పోయారు. ఆ రోజు వాళ్లమ్మ, నేను పిన్ని అంటాను, టీవీ కట్టేసి పెరట్లోకి ఎల్లిపోయింది.

అమరవీరుడు అన్న పదం మీద గొడవ పడను, మన సైన్యం రికార్డుల్లో 'మార్టిర్' అన్న మాటే వాడరని ప్రభుత్వమే చెప్పింది. కానీ రేషన్ షాపు దగ్గర ఒకాయన "యుద్ధంలో కాదు గదా" అంటే పిన్ని అన్న మాట మాత్రం నాకు పోదు. "యుద్ధం రాలేదు బాబూ. వస్తే ఎల్లడానికే నా గుంటడు దినాం ఎగిరీవోడు" అంది.

ఆ ట్రంకు పెట్టె ఇప్పటికీ ఆవిడ మంచం కిందే ఉంటుంది. మీద తెల్ల పెయింటుతో రాసిన స్కూలు నంబరు చెరిగిపోతోందని పోయిన సంక్రాంతికి నన్ను పిలిచి దిద్దమంది. నేను దిద్దుతుంటే పక్కనే కూచుని, ఒక్కో అంకే సరిగ్గా పడిందా లేదా అని చూసుకుంది.