ఆర్‌వో మెంబ్రేన్: ధార పెరిగి టీడీఎస్ కూడా పెరిగితే యాసిడ్ వద్దు

నీటి ప్లాంటులో ఉప్పును వడగట్టే ఆర్‌వో మెంబ్రేన్ బోరు నీళ్లతో నాలుగేళ్లు నడిచి, కుళాయి నీళ్లు కలిపిన ఆరు నెలల్లో చెడిందని, ధార ముందుకన్నా ఎక్కువగా వస్తున్నా టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మూడింతలైందని, యాసిడ్‌తో కడిగించాలా అని అడిగారు. వద్దు. మీరు చెప్పిన లక్షణాలకు యాసిడ్ మందు కాదు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండే నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో మా ఊరి నీటి ప్లాంటును ఏడేళ్లు నేనే చూసుకున్నాను. సరిగ్గా ఇలాగే కుళాయి నీళ్లు కలిపి రెండు మెంబ్రేన్లు పోగొట్టాను.

మెంబ్రేన్ విప్పితే మామూలు ప్లాస్టిక్ కాగితంలా కనిపిస్తుంది గానీ అందులో మూడు పొరలుంటాయి. అడుగున పాలిస్టర్ గుడ్డ, దాని మీద పాలీసల్ఫోన్. పాలీసల్ఫోన్‌ను డీఎంఎఫ్ వంటి ద్రావణిలో కరిగించి గుడ్డ మీద పలచగా పరిచి నీళ్లలో ముంచుతారు. ద్రావణి నీళ్లలోకి పోతుంది, నీళ్లు దాని చోట చేరతాయి, నీటిలో కరగని పాలిమర్ స్పంజిలా సన్నని రంధ్రాలతో గట్టిపడుతుంది. అది బలం కోసమే, ఉప్పును ఆపలేదు. పై పొర పుట్టే తీరు మాత్రం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఎంపీడీ అనే డైఅమీన్ కలిపిన నీటితో తడిపి, పైన టీఎంసీ అనే ఆమ్ల క్లోరైడ్ కలిపిన హెక్సేన్‌ను తాకిస్తారు. నీరు, హెక్సేన్ కలవవు కదా, ఆ రెండు రసాయనాలు సరిహద్దు మీదే కలుసుకుని క్షణాల్లో పాలీఅమైడ్‌గా అల్లుకుపోతాయి. పుట్టిన పొరే వాటి మధ్య అడ్డుగోడ అవుతుంది కాబట్టి మందం మిల్లీమీటరులో పదివేలో వంతు దగ్గర నిలిచిపోతుంది. మన ఫ్లోరైడును ఆపేదంతా ఆ పలుచని పొరే.

1970లలో అమెరికా రసాయన శాస్త్రవేత్త జాన్ కాడోట్ తెచ్చిన పద్ధతి ఇది. అంతకు ముందు సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ అనే శాస్త్రవేత్తలు చేసిన సెల్యులోజ్ అసిటేట్ పొరలు కొంత క్లోరిన్‌ను ఓర్చుకునేవి. పాలీఅమైడ్ ఓర్చుకోదు. అమైడ్ బంధంలో నైట్రోజన్‌ను అంటుకున్న హైడ్రోజన్‌ను తోసేసి క్లోరిన్ అక్కడ చేరుతుంది, తరువాత బెంజీన్ వలయం మీదికి మారుతుంది. గొలుసులను పట్టి ఉంచిన హైడ్రోజన్ బంధాలు పోయి అల్లిక వదులవుతుంది. నీళ్లూ ఎక్కువ వస్తాయి, వాటితో ఉప్పూ వస్తుంది. అలా వదులైన అల్లికను ఏ కడుగుడూ మళ్లీ బిగించలేదు.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు. అందుకే మెంబ్రేన్‌కు ముందు క్లోరిన్‌ను తీసేసే కార్బన్ ఫిల్టర్‌ను ఏళ్ల తరబడి మార్చకపోయినా మా ప్లాంటుకు ఏమీ కాలేదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక రెండింటినీ ఒకే సంపులో కలిపాం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉండాల్సిందే, చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. మెంబ్రేన్ మాత్రం 0.1 దాటితే దెబ్బతింటుంది. అరిగిపోయిన కార్బన్ ఆపలేకపోయింది. ధార పెరిగితే ప్లాంటు బాగా నడుస్తోందని సంతోషించాను. పరీక్ష చేయిస్తే వడపోసిన నీటిలోనే ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటింది. ఫ్లోరైడు నీళ్లతో నడుము వంగిపోయి కన్నుమూసిన మా నాయనమ్మ ఆ రోజంతా కళ్ల ముందే ఉంది.

ధార తగ్గితే వేరే సంగతి. అది చాలావరకు సున్నం పేరుకోవడం. నీరు చిక్కబడేది చివర్లో కాబట్టి వరుసలో చివరి మెంబ్రేన్‌లో మొదలవుతుంది. క్లోరిన్ దెబ్బ ముందు మెంబ్రేన్‌కు తగులుతుంది. సున్నానికి సిట్రిక్ ఆమ్లం పనిచేస్తుంది. కడిగాక మాత్రం పీహెచ్ మామూలు స్థితికి వచ్చేదాకా ఆ నీళ్లు పారబోయండి. పీహెచ్ 3 కన్నా తగ్గితే ఫ్లోరైడు ఎక్కువగా హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారుతుంది, దానికి విద్యుదావేశం ఉండదు కాబట్టి పొర దాన్ని సరిగా ఆపలేదు.

ముందుగా కార్బన్ ఫిల్టర్ దాటిన నీళ్లు పట్టి, పంచాయతీలో ఉండే క్లోరోస్కోప్ (క్లోరిన్ పరీక్ష కిట్) చుక్కలు వేయండి. పసుపు రంగు వస్తే కార్బన్ మార్చండి, ఆ తరువాతే కొత్త మెంబ్రేన్ పెట్టండి. పాతదాన్నే వెంటనే మార్చి కార్బన్‌ను వదిలేస్తే కొత్తదీ అలాగే పోతుంది. వడపోసిన నీటిలో ఫ్లోరైడును విడిగా పరీక్ష చేయించండి, టీడీఎస్ మీటరు దాన్ని చెప్పదు.