కోడలు తిరిగొచ్చేదాకా

చిరంజీవి నాయనకు, అత్త ఆశీర్వదించి రాసేది.

కోడలు కువైట్ ఆసుపత్రిలో డ్యూటీలో చేరిందని, పిల్లలు రాత్రిళ్లు అమ్మ కోసం ఏడుస్తున్నారని మీ నాన్న చెప్పాడు. మీ మామ మిలిటరీలో ఉన్నన్నాళ్లూ ముగ్గురు పిల్లల్ని పెట్టుకొని చిత్తూరులో బాడుగింట్లో ఉన్నదాన్ని. నాకు తెలిసింది రాస్తున్నా, తీరిక చూసుకొని చదువు.

"అమ్మ రేపొస్తుంది" అని మాత్రం చెప్పొద్దు. ఆ పూటకు ఏడుపు ఆగుతుంది, మర్నాటి నుంచి నీ మాట నమ్మరు. నాలుగేళ్ల పాపకు నెలల లెక్క తెలియదు గానీ పండగలు తెలుసు. గోడకున్న టీటీడీ క్యాలెండర్ చూపించి, మొదట గంగజాతర, తర్వాత వినాయక చవితి, ఆ తర్వాత బ్రహ్మోత్సవాలు, గరుడసేవ కూడా అయ్యాక అమ్మ వస్తుందని చెప్పు. రోజూ పడుకునే ముందు ఒక గడి కొట్టేయమను. అమ్మను ఎందుకు పంపావని ఎవరైనా పిల్లల ముందు మొదలుపెడితే అక్కడే ఆపు. పెద్దవాళ్లని మొహమాటపడొద్దు.

ఫోన్ సంగతి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. కోడలు రాత్రి ఏడుకు డ్యూటీ దిగితే ఇక్కడ తొమ్మిదిన్నర. నిద్రకు తూలుతున్న పిల్లలకు అమ్మ ముఖం చూపిస్తే ఏడుపే తప్ప మాటలుండవు. పొద్దున ఏడున్నరకు మాట్లాడుకోండి. అక్కడ ఐదవుతుంది, తనూ డ్యూటీకి తయారవుతుంటుంది. ఫోన్‌ని బియ్యం డబ్బాకు ఆనించి పాపకు జడ వెయ్యి. పాపిడి ఎక్కడ తీయాలో, రిబ్బను ఎంత బిగించాలో వాళ్లమ్మే చెబుతుంది. "తిన్నావా, బాగున్నావా" అని అడిగితే పసిపిల్లలు ఏం మాట్లాడతారు? ఏదో పని జరుగుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి. అంత దూరాన ఉన్న తల్లికి కూడా బిడ్డను తానే బడికి తయారు చేసినట్టుంటుంది.

రోజంతా ఒక ఎత్తు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది ఒక ఎత్తు. నువ్వు అలిసి వస్తావు, వాళ్లు ఆకలి మీద ఉంటారు. అప్పుడు వంట మొదలుపెట్టొద్దు. పప్పు పొద్దునే చేసిపెట్టుకో, రాత్రికి అన్నం, కాస్త నెయ్యి, ఒక గుడ్డు చాలు. స్నానం, అన్నం, కథ, పడక. రోజూ అదే వరస, అదే వేళ. ఇల్లు సర్దకపోయినా ఫర్వాలేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు తలుపుల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. నువ్వు పాలప్యాకెట్ కోసం గడప దాటిన అర నిమిషంలో బాబు లోపల గడియ వేసేయగలడు. తీయడం మాత్రం రెండేళ్లవాడికి రాదు. వాడికి అందే గడియలన్నీ విప్పించు, ఒక తాళంచెవి ఎదురింట్లో ఇచ్చి ఉంచు. బాత్రూంలో బకెట్లు ఖాళీ చేసి బోర్లించు. ఆ వయసు పిల్లలు బకెట్‌లో తలకిందులుగా పడితే జానెడు నీళ్లయినా లేవలేరు.

జ్వరం మందు లెక్క ఇప్పుడే తేల్చుకో. పారాసిటమాల్ సిరప్‌లో ఐదు ఎం.ఎల్.కు 120 మిల్లీగ్రాములు ఉండేదీ దొరుకుతుంది, 250 ఉండేదీ దొరుకుతుంది. ఒక డోసుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. డాక్టరు దగ్గర ఇద్దరినీ తూయించి, నీ దగ్గరున్న సీసాలోంచి ఎవరికి ఎన్ని ఎం.ఎల్. వెయ్యాలో రాయించుకొని ఫ్రిజ్‌కు అంటించు. వేసిన టైం కూడా రాసిపెట్టుకో, నిద్రమత్తులో గుర్తుండదు. విరేచనాలకు ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలుపు, 24 గంటలు దాటితే పారబోయి. బిడ్డ నీళ్లు కూడా తాగకుండా మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చెయ్యి, లేదంటే నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి పో. ఆ అర్ధరాత్రి రెండో బిడ్డను ఎవరి దగ్గర వదిలి వెళ్లాలో కూడా ముందే అడిగి పెట్టుకో.

అడగడమే నీకు కష్టమని నాకు తెలుసు నాయనా. "ఏదైనా అవసరముంటే చెప్పు" అనేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు ఫలానా పని అని చెప్పు. "అక్కా, బుధవారం సాయంత్రం పాపను బడి నుంచి తీసుకొస్తావా" అంటే కాదనేవాళ్లు తక్కువ. చిత్తూరులో పక్కింటామె రోజూ సాయంత్రం మా చిన్నదాన్ని ఓ గంట ఎత్తుకుపోయేది. ఆ గంటలో స్నానం చేసి, నాలుగు ముద్దలు వేడిగా తినేదాన్ని. ఆ తర్వాత పిల్లలు ఎంత సతాయించినా ఓపిగ్గా ఉండేదాన్ని. నీకూ అలాంటి గంట ఒకటి కావాలి. పిల్లల కోసమే కావాలి.

రెండో శనివారం పుత్తూరులో పొద్దుటి బస్సెక్కి వస్తున్నా. రాగిపిండి, చెనిగ్గింజల పొడి తెస్తా. ఆ రోజు పిల్లలు నా దగ్గరుంటారు, నువ్వు కడుపునిండా తిని పడుకో. నేనొచ్చేలోపు ఆ గడియలు విప్పించి ఉంచు.

మీ అత్త