ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది?

విశ్వవిద్యాలయాలు, కాలేజీల పాలన మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు, ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం అకడమిక్ సెక్షన్‌లో అజెండాలు, మినిట్స్ చూసి రిటైరైన అధికారిణి జవాబులు.

ప్రశ్న: మేడమ్, మాది అటానమస్ డిగ్రీ కాలేజీ, అంటే యూనివర్సిటీ కిందే ఉన్నా సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునేది. సిలబస్ తయారుచేసే మా విభాగం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో నేనూ సభ్యుణ్ణే. ఆరో సెమిస్టర్‌లో ఒక పాత పేపరు తీసేసి డేటా అనాలిసిస్ పెడదామని తీర్మానం చేశాం. బయటి నుంచి వచ్చిన నిపుణులు కూడా బాగుందన్నారు. పైనున్న కాలేజీ అకడమిక్ కౌన్సిల్ మాత్రం ‘ఇప్పుడు వద్దు’ అని ఒక్క ముక్కలో పక్కన పెట్టేసింది. సిలబస్ మా పని కదా, వాళ్లు ఆపొచ్చా? ప్రిన్సిపాల్ గారేమో గవర్నింగ్ బాడీకి పెడదాం అంటున్నారు.
– ఒక లెక్చరర్, గుంటూరు జిల్లా

జవాబు: ఆపొచ్చండీ. కానీ ఒక్క ముక్కలో ఆపేసి చేతులు దులుపుకోకూడదు. అటానమస్ కాలేజీలకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) పెట్టిన నిబంధనల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది. మీ బోర్డు పంపిన ప్రతిపాదనను అకడమిక్ కౌన్సిల్ ఉన్నదున్నట్టు ఆమోదించవచ్చు, మార్పులు చేసి ఆమోదించవచ్చు, మళ్లీ ఆలోచించమని మీకే తిప్పి పంపవచ్చు, వద్దని కొట్టేయవచ్చు. తిప్పి పంపినా కొట్టేసినా కారణాలు చెప్పి తీరాలి. కాబట్టి ముందు కౌన్సిల్ మెంబర్ సెక్రటరీ దగ్గరకెళ్లి ఆ రోజు మినిట్స్ చూడండి. కారణం రాసుంటే దానికి జవాబు తయారు చేసుకోండి. రాసిలేకపోతే మీ బోర్డు చైర్మన్, అంటే మీ విభాగాధిపతి, కారణం తెలపమని కౌన్సిల్‌కి లెటర్ పెట్టాలి. మీరు సొంతంగా పెట్టకండి, అది లెక్చరర్ గొడవ కింద లెక్కేస్తారు. బోర్డు అడిగితే అది కౌన్సిల్ రికార్డులోకి ఎక్కుతుంది.

అసలు రెండు అంచెలు ఎందుకంటారా? ఎవరెవరు కూర్చుంటారో చూస్తే తెలుస్తుంది. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో మీ సబ్జెక్టు వాళ్లే ఉంటారు: విభాగాధిపతి, మీ అధ్యాపకులు, మీ యూనివర్సిటీకి బయటి నుంచి ఇద్దరు నిపుణులు, వైస్ ఛాన్సలర్ నామినేట్ చేసిన ఒక నిపుణుడు, పరిశ్రమ నుంచి ఒకరు, పీజీ చేసిన పూర్వ విద్యార్థి ఒకరు. అకడమిక్ కౌన్సిల్‌లో అన్ని విభాగాల అధిపతులూ ఉంటారు. వాళ్లతో పాటు మరో నలుగురు అధ్యాపకులు, బయటి రంగాల నిపుణులు, యూనివర్సిటీ పంపిన ముగ్గురు ప్రొఫెసర్లు. మీ పేపరు మంచిదా కాదా అన్నది మీ బోర్డు తేల్చాలి. అది వస్తే మిగతా కోర్సుల క్రెడిట్లు, టైమ్‌టేబుల్, పరీక్షలు ఏమవుతాయన్నది కౌన్సిల్ చూడాలి.

నా అనుభవంలో ఒక మాట చెబుతాను, మీ కాలేజీలో ఎవరికీ నచ్చకపోవచ్చు. సిలబస్ గొడవల్లో సగానికి సగం వర్క్‌లోడ్ గొడవలే. పాత పేపరు పోతే అది చెప్పే వారికి వారంలో అన్ని గంటలు తగ్గుతాయి. గెస్ట్ ఫ్యాకల్టీ అయితే మొత్తం ఉద్యోగమే పోతుంది. ఆ మాట పైకి అనలేక ‘ఇప్పుడు వద్దు’ అంటారు. ప్రతిపాదనతో పాటు కొత్త పేపరు ఎవరు చెబుతారు, పాత పేపరు చెప్పేవారికి ఏ క్లాసులు ఇస్తారు అన్నది అర పేజీ జత చేసి మళ్లీ పంపి చూడండి.

గవర్నింగ్ బాడీకి ఇది తీసుకెళ్లకండి. అక్కడ చూసేది డబ్బు, పోస్టులు, ఫీజులు, కొత్త కోర్సులు. ఒక పేపరు మార్పు అక్కడికి వెళితే మేనేజ్‌మెంట్‌కి సిలబస్‌లో వేలు పెట్టడం అలవాటు చేసినట్టే. ల్యాబ్‌కి కంప్యూటర్లు కొనాల్సి వస్తే ఆ ఖర్చు మాట ఫైనాన్స్ కమిటీకి వెళుతుంది. అది సలహా ఇస్తుంది, మంజూరు చేసేది గవర్నింగ్ బాడీ.

ఇంకోటి. మీ బోర్డు మీటింగ్‌కి వైస్ ఛాన్సలర్ నామినీ వచ్చారా? ప్రిన్సిపాల్ సిఫారసు చేసిన ఆరు పేర్లలోంచి ఆయన్ని ఎంపిక చేస్తారు. చాలా కాలేజీల్లో ఆ పేర్లు పంపడమే మర్చిపోతారు, హాజరు పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. కౌన్సిల్‌లో ఎవరైనా పట్టుకుంటే మీ తీర్మానమంతా మొదటికొస్తుంది. సిలబస్ కంటే ముందు ఆ కాగితం సరిచేసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందని మా మేనేజ్‌మెంట్ రాత్రికి రాత్రి కమిటీలు వేసింది. యాంటీ ర్యాగింగ్, గ్రీవెన్స్ (ఫిర్యాదులు), ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే సెల్), లైబ్రరీ, క్యాంటీన్... ఎందులో చూసినా నా పేరే. నేను చేరకముందు జరిగాయంటున్న మీటింగులకి కూడా మినిట్స్ రాసిమ్మంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: రాయకండి అమ్మా. జరగని మీటింగ్‌కి మినిట్స్ రాసి సంతకం పెడితే, రేపు ఏ విద్యార్థి గొడవో కోర్టుకెళ్లినప్పుడు అది మీ మెడకే చుట్టుకుంటుంది. రాయమన్న పెద్దమనిషి అప్పటికి ఇంకో కాలేజీలో ఉంటాడు. ‘నేను ఫలానా తేదీన చేరాను, అప్పట్నుంచి జరిగే సమావేశాల రికార్డు నా బాధ్యత’ అని ప్రిన్సిపాల్ గారికి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. నోటితో వాదనకు దిగకండి.

ఇక కమిటీల సంగతి. క్యాంటీన్, లైబ్రరీ కమిటీల కోసం నిద్ర పాడు చేసుకోకండి, అవి సలహా కమిటీలు. నిబంధనల కింద ఏర్పడినవి మాత్రం వేరు. యాంటీ ర్యాగింగ్ కమిటీ 2009 నాటి యూజీసీ నిబంధనల కిందిది. దానికి సంస్థ అధిపతే అధ్యక్షులు. పోలీసు, రెవెన్యూ యంత్రాంగం, తల్లిదండ్రులు, కొత్తగా చేరిన పిల్లలు, సీనియర్లు, వీళ్లందరి ప్రతినిధులూ అందులో ఉండాలి. హాస్టళ్లలో రాత్రిపూట తిరిగి చూసే స్క్వాడ్ వేరే. ఈ రెండింటినీ కలిపేసి ఒకే లిస్టులో మీ పేరు రాశారేమో చూసుకోండి. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి 2023 నిబంధనల ప్రకారం ప్రొఫెసరే అధ్యక్షులుగా ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే విద్యార్థి అంబుడ్స్‌పర్సన్ (అప్పీలు వినే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడితే కమిటీయే చెల్లకుండా పోతుంది. ఈ మాట న్యాక్ వాళ్లు రాకముందే మీ ఐక్యూఏసీ కోఆర్డినేటర్ చెవిన వేయండి, మీ పేరు వాళ్లే తీసేస్తారు.

మిగిలిన వాటికి ఆఫీసు ఆర్డరు అడిగి తీసుకోండి. అందులో కమిటీ పనేమిటి, గడువెంత, నివేదిక ఎవరికి ఇవ్వాలి అన్నది లేకపోతే అది కమిటీ కాదు, పేర్ల జాబితా.

ప్రశ్న: నేను రీసెర్చ్ స్కాలర్‌ని. విభాగంలో ఒక సీనియర్ అధ్యాపకుడి ప్రవర్తన మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇవ్వాలనుకుంటున్నాను. మా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారు ‘బయటికెందుకు, నేనే ముగ్గురితో కమిటీ వేస్తా’ అంటున్నారు.

జవాబు: ఆయన వేసే కమిటీకి ఆ అధికారం లేదమ్మా. వర్సిటీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకే రాతపూర్వకంగా ఇవ్వండి. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పదవుల్లో ఉన్నవాళ్లు ఆ కమిటీలో సభ్యులుగా కూడా ఉండకూడదు. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ప్రొఫెసర్. స్వచ్ఛంద సంస్థ నుంచి బయటి సభ్యులు ఒకరు ఉంటారు. విద్యార్థులకు సంబంధించిన కేసైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులూ కూర్చుంటారు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యానికి కారణం సరైనదని కమిటీ అనుకుంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు ఇచ్చినప్పుడు తేదీ వేసిన రసీదు తీసుకోండి. ‘విభాగంలోనే సర్దుకుందాం’ అన్న మాటకు మెత్తబడకండి, ఆ మూడు నెలలు అలాగే గడిచిపోతాయి.

ప్రశ్న: మా నాన్నగారు రిజిస్టర్డ్ గ్రాడ్యుయేట్‌గా (వర్సిటీలో పేరు నమోదు చేసుకున్న పట్టభద్రుడిగా) ఆంధ్రా యూనివర్సిటీ సెనేట్ ఎన్నికల్లో ఓటు వేసేవారు. ఇంట్లో పెద్ద చర్చ నడిచేది. ఆ సెనేట్, సిండికేట్ ఇప్పుడు ఏమయ్యాయండీ?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: చాలా రోజులకు ఆ మాట విన్నాను, సంతోషం మాస్టారూ. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు మారింది. సి.ఆర్. రెడ్డి గారు తొలి వైస్ ఛాన్సలర్. ఆ రోజుల నుంచీ ఉన్న సెనేట్ (వర్సిటీ పెద్ద సభ), సిండికేట్ (పాలన చూసే మండలి) పద్ధతిని 1991 ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం మార్చేసింది. ఆంధ్రా, ఉస్మానియా, వేంకటేశ్వర, కాకతీయ, నాగార్జున వంటివన్నీ ఆ ఒక్క చట్టం కిందికొచ్చాయి. సిండికేట్ స్థానంలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వచ్చింది. చదువుల వ్యవహారాలకు అకడమిక్ సెనేట్ పెట్టారు. పేరులో సెనేట్ మిగిలింది కానీ మీ నాన్నగారు ఓటేసిన సెనేట్ అది కాదు. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో ప్రభుత్వ కార్యదర్శులు హోదాను బట్టి ఉంటారు, మిగతావాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా ఇదే చట్టాన్ని తన పేరుతో తీసుకుంది.

పాతదంతా బంగారమని నేను అనను. సెనేట్ ఎన్నికల్లో కులాలు, గ్రూపులు, ఓట్ల బేరాలు ఉండేవని మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవారు. అయినా బయటివాడు లేచి నిలబడి ‘ఈ ఖర్చేమిటి’ అని అడిగే చోటు ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ పని కౌన్సిల్‌లో జరగాలి. అక్కడేమో టేబుల్ ఐటెం అనే జబ్బు ఉంది. ముందుగా పంపిన అజెండాలో లేని అంశాన్ని మీటింగ్ రోజున కాగితం తీసి బల్ల మీద పెడతారు. జీడిపప్పు ప్లేటు, కాఫీ వచ్చే వేళకు పెడితే మరీ సులువు. సభ్యులు చివరి పేజీ తిరగేసేలోపే ‘ఆమోదించడమైనది’ అని మేం రాసుకునేవాళ్లం. కార్యదర్శులు తాము రాకుండా కిందివారిని పంపితే ప్రశ్నలు ఇంకా తగ్గుతాయి. అలాగే అత్యవసరమని వైస్ ఛాన్సలర్ ముందే చేసేసిన పనులు ర్యాటిఫికేషన్ కోసం వస్తాయి. అయిపోయిన పెళ్లికి అక్షింతలు వేసినట్టే ఉంటుంది. నిజంగా అత్యవసరమైనవి ఏడాదికి ఎన్నో ఉండవు, నేను చూసిన అజెండాల్లో మాత్రం అవే ఎక్కువ.

వైస్ ఛాన్సలర్ కుర్చీ ఖాళీ అయితే ఇంకా ఇబ్బంది. కౌన్సిల్ నామినీ, యూజీసీ నామినీ, ప్రభుత్వ నామినీ, ఈ ముగ్గురి సెర్చ్ కమిటీ పేర్లు సూచిస్తే, ఛాన్సలర్ హోదాలో గవర్నర్ అందులోంచి ఒకరిని మూడేళ్లకు నియమించాలి. పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో నియమించిన రోజే తెలుసు. అయినా తెలంగాణలో 2019 నుంచి 2021 దాకా, మళ్లీ 2024 మే నుంచి కొన్ని నెలలు, వర్సిటీలు ఐఏఎస్ అధికారుల ఇన్‌ఛార్జి పాలనలో నడిచాయి. వాళ్లు అసమర్థులని కాదు, వాళ్ల శాఖ ఫైళ్లు వాళ్లకున్నాయి. రోజువారీ ఫైళ్లు కదులుతాయి. నియామకాల వంటి పెద్ద నిర్ణయాలు ‘రెగ్యులర్ వీసీ వచ్చాక చూద్దాం’ అని ఆగిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ప్రైవేటు అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. ఈసారి పరీక్ష ఫీజు బాగా పెంచారు. ఎవరు పెంచారని అడిగితే కౌంటర్‌లో ‘కమిటీ నిర్ణయం సార్’ అంటున్నారు. ఏ కమిటీ? ఎవరిని అడగాలి?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ట్యూషన్ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు, ముందు ఆ రెండూ విడదీసుకోండి. ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల ట్యూషన్ ఫీజును తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ (టీఏఎఫ్‌ఆర్‌సీ), ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ పరిశీలించి, మూడేళ్ల కాలానికి ఒకసారి సిఫారసు చేస్తాయి, దాని మీద ప్రభుత్వం జీవో ఇస్తుంది. అందులో కాలేజీ సొంతంగా పెంచేదేమీ ఉండదు. పరీక్షలు అటానమస్ కాలేజీయే పెట్టుకుంటుంది కాబట్టి ఆ రుసుము ఫైనాన్స్ కమిటీ సిఫారసు మీద గవర్నింగ్ బాడీ నిర్ణయిస్తుంది. కౌంటర్‌లో చెప్పిన కమిటీ బహుశా ఫైనాన్స్ కమిటీ. పెంచే అధికారం దానికి లేదు. కాబట్టి ‘ఏ తేదీ గవర్నింగ్ బాడీ సమావేశంలో, ఎన్నో తీర్మానం ద్వారా పెంచారు?’ అని ప్రిన్సిపాల్ గారికి రాసి అడగండి. చాలాచోట్ల ఈ ప్రశ్నకే కాగితాలు వెతకడం మొదలుపెడతారు. తీర్మానమే లేకుండా సర్క్యులర్ ఇచ్చేసి, తర్వాత మీటింగ్‌లో కలిపేద్దామనుకున్నవి నేను కొన్ని చూశాను.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కానీ ప్రభుత్వ నిధులు లేని ప్రైవేటు కాలేజీకి నేరుగా దరఖాస్తు పెడితే మాకు వర్తించదంటారు. అనుబంధ యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో పంపండి. ‘ఎందుకు పెంచారు’ అని అడగకండి, అభిప్రాయం చెప్పే బాధ్యత వాళ్లకు లేదు. ఆ కాలేజీ గవర్నింగ్ బాడీలో యూనివర్సిటీ నామినీ ఎవరు, పరీక్ష ఫీజు గురించి ఆ కాలేజీ నుంచి యూనివర్సిటీకి వచ్చిన కాగితాల నకళ్లు ఇవ్వండి అని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు అక్కడే మొదటి అప్పీలు వేయండి. మీలాగే కట్టిన మరో నలుగురు తల్లిదండ్రులతో కూడా విడివిడిగా దరఖాస్తులు పెట్టించండి. ఒకే కాగితం మీద అందరూ సంతకాలు చేస్తే అది వినతిపత్రం అవుతుంది, ఫైలులో పడి ఉంటుంది.