ఇక్టెరస్ అన్నా జాండిస్ అన్నా ఒకటేనా?

ప్రశ్న: నా వయసు 34. కళ్ళు పచ్చగా కనిపిస్తుంటే పరీక్ష చేయించుకున్నాను. బిలిరుబిన్ 3.4 వచ్చింది. ఒక డాక్టరు జాండిస్ అన్నారు, ఇంకొకరు చీటీ మీద ‘ఇక్టెరస్’ అని రాశారు. నాకు రెండు జబ్బులున్నాయా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ కామెర్లే. జాండిస్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, ‘జోన్’ అంటే పసుపు రంగు. ఇక్టెరస్ గ్రీకు మాట. కామెర్లకూ, ఒక పసుపుపచ్చ పిట్టకూ అదే పేరు. ఆ పిట్టను చూస్తే రోగికి నయమై, పిట్ట చచ్చిపోతుందని జనం చెప్పుకునేవారని 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పిట్టకు ఎంత అన్యాయమో!

ఇంగ్లిష్‌లో ‘సాలో’ అని ఇంకో మాట ఉంది. ముఖం కళ తప్పి, పాలిపోయిన పసుపులో ఉంటే అలా అంటారు. రక్తహీనతలో, దీర్ఘకాలిక జబ్బుల్లో అలా కనిపించవచ్చు, కానీ కళ్ళు తెల్లగానే ఉంటాయి. క్యారెట్ లాంటి వాటిలో ఉండే కెరోటిన్ అనే రంగు పదార్థం ఎక్కువైనా చర్మమే పసుపెక్కుతుంది. అందుకే మేం పగటి వెలుతురులో ముందు కళ్ళు చూస్తాం.

అన్నట్టు, కామెర్లు వస్తే లోకమంతా పచ్చగా కనిపిస్తుందనే మాట నిజం కాదు. పచ్చబడేది తెల్లగుడ్డు. వెలుగు లోపలికి వెళ్ళేది నల్లగుడ్డు గుండా.

ఇక అసలు విషయం. కామెర్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం. సుమారు 120 రోజులు బతికిన ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపుతుంది. మామూలుగా అది 1.2 లోపు ఉంటుంది, 2.5 – 3 దాటితే కళ్ళలో తెలుస్తుంది. కణాలు ఎక్కువగా విరిగినా, కాలేయం వాచినా, పైత్యనాళం మూసుకుపోయినా పెరుగుతుంది. మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా వస్తూ ఒళ్ళంతా దురద ఉంటే నాళంలో అడ్డు ఉందేమోనని అనుమానించాలి. మిగతావన్నీ మామూలుగా ఉండి ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం ఇంకా మార్చనిది; మార్చాక డైరెక్ట్ అంటారు) ఒక్కటే పెరిగితే, అది గిల్బర్ట్ సిండ్రోమ్ అనే, పుట్టుకతో వచ్చే హాని లేని స్థితి కావచ్చు. పస్తులున్నప్పుడు కొంచెం పెరుగుతుంది, చికిత్స అక్కర్లేదు.

మీరు డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ విడివిడిగా చూపే పూర్తి లివర్ పరీక్షలు, హెపటైటిస్ పరీక్షలు, పొట్ట స్కాన్ చేయించండి. కారణం తేలేదాకా మద్యం ముట్టొద్దు, పారాసిటమాల్ కూడా డాక్టరును అడగకుండా వేసుకోవద్దు, మూలికల మందుల జోలికి పోవద్దు. చలితో జ్వరం, తికమకగా మాట్లాడటం, రక్తపు వాంతి, ఇందులో ఏది కనిపించినా రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.